వంగినవాళ్లకే ఇప్పపువ్వు
(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

మైకు చేతికి ఇచ్చేటప్పుడు మన కార్యదర్శి గారు, "మేడం, పదిహేను నిమిషాలు" అన్నారు. ఇరవై ఏళ్లకు పైగా హాస్టల్లో పిల్లలతో మాట్లాడే అలవాటు నాది. గంట కొట్టేదాకా ఆపడం రాదు. కొంచెం ఎక్కువైతే క్షమించండి.

ముందుగా ఒక మాట. ఇది మన కోయ జాతి సాంస్కృతిక సంఘం సభ. ఇక్కడ చర్చికి పోయే పిల్లలు ఉన్నారు, వేల్పుల కొలుపుకు పోయే పిల్లలు ఉన్నారు, రెండింటికీ పోయేవాళ్లూ, దేనికీ పోనివాళ్లూ ఉన్నారు. "క్రైస్తవ యువత ఆత్మీయంగా ఎలా ఎదగాలి" అనే విషయం మీద మాట్లాడమని సంఘం నన్ను అడిగింది. నేను క్రైస్తవురాలిని. కాబట్టి నా ప్రభువు గురించి, నా బైబిలు నుంచి మాట్లాడతాను. మిగతావాళ్లను మార్చడానికి కాదు. మీ పక్కన కూర్చున్న చర్చి పిల్ల ఏం నమ్ముతుందో, ఎలా బతకాలని కోరుకుంటుందో మీకూ తెలిస్తే మంచిదే కదా అని మాట్లాడుతున్నాను.

పోయిన వేసవిలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "మేడం, నేను బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయింది. తాగను. ఆదివారం మానను. ఉపవాసం ఉంటాను. చర్చిలో గిటారు వాయిస్తాను. అయినా లోపల ఏమీ పెరిగినట్టు లేదు. ఇంట్లో అందరి మీదా కోపమే వస్తుంది. ఏంటి మేడం నా లోపం?" అని అడిగాడు. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ తమ్ముడు ఇప్పుడు మీలోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఈ రోజు చెప్పేదంతా ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

మీ అందరికీ ఇప్పపువ్వు ఏరడం తెలుసు. ఎండాకాలం మొదట్లో రాత్రి పూసి, తెల్లవారుజామున రాలుతుంది. చీకటి ఉండగానే లేచి, బుట్ట పట్టుకుని పోవాలి. చెట్టు పైకి చూస్తూ నిలబడితే ఒక్క పువ్వు కూడా బుట్టలో పడదు. వంగాలి. నడుము నొప్పి పుట్టేదాకా వంగి, ఒక్కొక్కటి ఏరాలి. అయితే వంగడానికి ముందు ఇంకోటి కావాలి. చీకట్లో ఇల్లు వదిలి బయలుదేరేటప్పుడు పువ్వు రాలి ఉంటుందని నమ్మాలి. నమ్మకం లేనివాడు పడుకునే ఉంటాడు. వంగనివాడు ఖాళీ బుట్టతో వస్తాడు. ఆత్మీయ ఎదుగుదల కూడా నాకు ఇలాగే కనిపిస్తుంది. విశ్వాసం మనల్ని లేపుతుంది, వినయం మనల్ని వంచుతుంది. రెంటిలో ఒకటి లేకపోయినా బుట్ట నిండదు.

మొదట వినయం సంగతి చెబుతాను. పుస్తకంలో చదివి కాదు, తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి ఆ తప్పే చెబుతాను.

నేను వార్డెన్ అయిన కొత్తలో ఒక పిల్ల పెట్టెలో ఐదు వందల రూపాయలు పోయాయి. వాళ్ల నాన్న తునికాకు డబ్బులు వచ్చాక ఇచ్చి పోయాడు. అంతకు ముందు సంవత్సరం ఇంకో పిల్ల ఎవరిదో సబ్బు తీసుకుని దొరికిపోయింది. నా కళ్లు నేరుగా ఆ పిల్ల మీదకే పోయాయి. సాయంత్రం హాజరు తీసుకునేటప్పుడు నూట నలభై మంది ముందు నిలబెట్టి, "తీసినదేదో ఇచ్చెయ్, లేకపోతే మీ అయ్యను పిలిపిస్తా" అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. కింద చూస్తూ నిలబడింది. నేనేమో బీఈడీ చేశాను, పిల్లల మనస్తత్వం చదువుకున్నాను, ముఖం చూస్తే చెప్పేస్తాను అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆ నోటు డబ్బులు పోయిన పిల్ల నోటుపుస్తకం అట్ట లోపలే దొరికింది. అట్ట వేసేటప్పుడు తనే దాచిపెట్టుకుని మర్చిపోయింది.

నేను మొదటి పిల్లను నా గదిలోకి పిలిచి, "పొరపాటయిందమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాను. ఆ పిల్ల వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "అందరి ముందు అన్నారు కదా మేడం" అంది. అంతే. ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్ల బాధకు కాదు, నా పరువు పోతుందని. వార్డెన్ క్షమాపణ అడిగితే రేపటి నుంచి ఎవరైనా మాట వింటారా? బైబిలు తీస్తే లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయం వచ్చింది. పరిసయ్యుడు, సుంకరి గుడికి ప్రార్థనకు పోయిన కథ. పరిసయ్యుడు దేవుని ముందు నిలబడి తన ఉపవాసాలు, తన దశమభాగాలు లెక్క చెబుతాడు. నేను ఫలానా వాళ్లలాంటివాణ్ని కాను అంటాడు. సుంకరి దూరంగా నిలబడి తల కూడా ఎత్తలేక, నన్ను కరుణించు అని గుండెలు బాదుకుంటాడు. దేవుడు నీతిమంతుడిగా ఇంటికి పంపింది రెండో వాణ్ని. నేను చిన్నప్పటి నుంచి ఆ కథ సండే స్కూల్లో వింటున్నాను, చెబుతున్నాను కూడా. ఎప్పుడూ నన్ను నేను సుంకరి పక్కనే నిలబెట్టుకునేదాన్ని. ఆ రాత్రి మొదటిసారి నేను ఏ వైపు నిలబడి ఉన్నానో కనిపించింది.

మర్నాడు సాయంత్రం హాజరు దగ్గర ఆ పిల్లను ముందుకు పిలిచి, అందరి ముందు పేరు పెట్టి, "నిన్ను అనుమానించాను. తప్పు నాది. క్షమించు" అన్నాను. నా గొంతు వణికింది. ఏమవుతుందో అనుకున్నాను. ఏమీ కాలేదు. పిల్లలు మామూలుగా వరుసలో భోజనానికి పోయారు. నా మాట వినడం మానలేదు. పైగా ఆ వారంలోనే ఇద్దరు పిల్లలు నా గదికి వచ్చి, వాళ్లు చేసిన తప్పులు వాళ్లే చెప్పుకున్నారు. తప్పు ఒప్పుకోవచ్చు, ఒప్పుకున్నా బతకొచ్చు అని వాళ్లకు నేను పాఠం చెప్పలేదు, చూశారు.

ఇందాకటి తమ్ముడికి నా మొదటి జవాబు ఇదే. తాగకపోవడం మంచిదే. ఉపవాసం మంచిదే. గిటారూ మంచిదే. కానీ అవన్నీ లెక్క రాసుకుంటున్నంత సేపు మనం పరిసయ్యుడి వరుసలోనే ఉంటాం. ఆ లెక్క మనకు కోపం ఇస్తుంది. "నేను ఇంత చేస్తున్నాను, వీళ్లు చేయట్లేదు" అన్న కోపం. ఇంట్లో అందరి మీదా నీకు వచ్చే కోపం ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి వెతుక్కో తమ్ముడూ.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ముఖ్యంగా మన పిల్లలకు చెప్పాలి. తగ్గింపు వేరు, తక్కువతనం వేరు.

మన పిల్లలు ఇంటర్‌కో, డిగ్రీకో టౌనుకు పోతారు. అక్కడ మన యాస విని నవ్వుతారు. రిజర్వేషన్ సీటు అంటారు. మనవాళ్లు తలవంచుకుని వెనక బెంచీలో కూర్చుంటారు. అది వినయం కాదు. అది ఎవరో మన మీద వేసిన బరువు. వినయం అనేది మనం ఇష్టంతో వంగడం, ఎదుటివాడు మెడ పట్టి వంచడం కాదు.

యోహాను సువార్త పదమూడో అధ్యాయం చదవండి. యేసు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి అందరికీ తెలుసు. దానికి ముందు ఏం రాసి ఉందో చాలామంది గమనించరు. తను దేవుని దగ్గర నుంచి వచ్చానని, దేవుని దగ్గరకే పోతున్నానని, అన్నీ తన చేతికి అప్పగించబడ్డాయని ఆయనకు తెలుసు అని ఉంటుంది. అది తెలిసి, ఆ తర్వాత లేచి, పైబట్ట తీసి పెట్టి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. తను ఎవరో తెలిసినవాడే నిజంగా వంగగలడు. తను ఎవరో తెలియనివాడు భయంతో వంగుతాడు, లేదా భయంతో విర్రవీగుతాడు. ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో పౌలు చెప్పిందీ ఇదే. దేవునితో సమానంగా ఉన్నవాడు దాసుడి రూపం తీసుకున్నాడు. ఎవరో లాక్కుంటే కాదు, తనే దిగి వచ్చాడు.

మోషే సంగతి చూడండి. భూమి మీద ఉన్నవాళ్లందరిలో సాత్వికుడు అని సంఖ్యాకాండంలో పేరు పడ్డ మనిషి. ఆ మనిషే ఫరో ముందు నిలబడి నా జనాన్ని పంపమని అడిగాడు. కాబట్టి రేపు ఎవరైనా మీ నాన్న దగ్గర దొంగ కాగితం మీద వేలిముద్ర వేయించుకుని భూమి రాయించుకుంటుంటే, "మేము క్రైస్తవులం, తగ్గించుకుంటాం" అని ఊరుకోకండి. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చెల్లదని చెప్పే 1/70 చట్టం మనకు ఉంది. దాన్ని చదవండి, పది మందికి చెప్పండి. అన్యాయాన్ని ప్రశ్నించడం గర్వం కాదు. ప్రశ్నించే మనిషి నోట్లో అబద్ధం, మనసులో పగ లేకుండా చూసుకోవడమే వినయం.

ఇక మన చరిత్రలో నుంచి రెండు సంగతులు చెబుతాను. ఈ-సంచిక కోసం ఈ ప్రసంగం రాసి ఇవ్వమన్నారు కాబట్టి ఇవి పిల్లలకు గుర్తుంటాయని చెబుతున్నాను.

మన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం ఉంది కదా. బ్రిటిష్ వాళ్ల కాలంలో గోదావరి మీద పడవలు నడపాలని అక్కడ ఆనకట్ట పనులు చేశారు. ఆ పనులు చూసిన ఇంజినీరు హేగ్ అనే ఆయన. 1860 ప్రాంతంలో ఆయన చొరవతోనే దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ వచ్చి అక్కడే ఏళ్లకు ఏళ్లు ఉండిపోయాడు. ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చింది ఒకటి. తెలుగు వచ్చు కదా, దాంతో సరిపెట్టుకుందాం అనుకోలేదు. మనవాళ్ల పక్కన కూర్చుని కోయ మాటలు నేర్చుకుని, లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల మనుషుల గురించి వ్యాసాలు కూడా రాశాడు. బయటి నుంచి వచ్చిన మనిషి చూపుతో ఆయన రాసిన ప్రతి మాటా మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ చదువుకున్నవాడు చదువురానివాళ్ల దగ్గర శిష్యుడిలా కూర్చుని మాట నేర్చుకోవడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. బయటివాడు మన భాష నేర్చుకున్నాడు. మనమేమో చర్చిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో పెద్దవాళ్లు కోయలో పిలిస్తే తెలుగులో జవాబు. మా హాస్టల్లో చేరే పిల్లలు కొందరు రెండో నెలకే కోయ మాట్లాడటానికి సిగ్గుపడతారు. దేవుడు మన భాషలో మాట్లాడటానికి సిగ్గుపడలేదు. మనకెందుకు సిగ్గు?

రెండోది డోర్నకల్ సంగతి. మన పక్కనే, రైలు జంక్షన్ ఉన్న ఊరు. అక్కడి మొదటి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. వైఎంసీఏలో పెద్ద బాధ్యతలో, దేశమంతా తిరిగే పనిలో ఉన్న మనిషి, ఆ పని వదిలి 1909లో డోర్నకల్ వచ్చాడు. తన భాష కాని తెలుగు నేర్చుకుని, పల్లెల్లో పేదల మధ్య పని చేశాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడ ఆ తెల్లవాళ్ల ముందు నిలబడి, మీరు మా కోసం ఎన్నో త్యాగాలు చేశారు, కానీ మాకు మీ స్నేహం కూడా కావాలి అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్‌ను వదల్లేదు.

చూడండి, ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి. పేదవాడి గుడిసె ముందు వంగాడు, పెద్దవాళ్ల సభలో నిటారుగా నిలబడ్డాడు. మనం సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తాం. ఆఫీసర్ల ముందు వంగుతాం, ఇంట్లో అమ్మ ముందు విర్రవీగుతాం.

ఇప్పుడు విశ్వాసం గురించి. ఇది చెప్పడం నాకు ఇంకా కష్టం.

కొన్నేళ్ల కిందట, వానాకాలం, ఒక శనివారం. ఆరో తరగతి పిల్లకు మధ్యాహ్నం నుంచి చలి జ్వరం. జ్వరం బిళ్ల ఇచ్చాను, తగ్గినట్టే తగ్గి సాయంత్రానికి మళ్లీ వచ్చింది. మాది ప్రభుత్వ హాస్టలు. అక్కడ నేను ఏ పిల్లకూ మతం చెప్పను, చెప్పకూడదు కూడా. ఆ పిల్లది చర్చికి పోయే కుటుంబం, తనే "ప్రార్థన చెయ్యండి మేడం" అని అడిగింది. పక్కన కూర్చుని మెల్లగా ప్రార్థన చేశాను. బయట వాన. దారిలో వాగు పొంగింది. ఆ రాత్రి పిల్లను తీసుకుపోవడం కష్టం. నా మనసు ఏమందంటే, "ప్రార్థన చేశావు కదా, నమ్ము. తెల్లవారాక పీహెచ్‌సీకి తీసుకుపోవచ్చు." అది విశ్వాసమే అనుకున్నాను.

రాత్రి పది గంటలకు మా వంటామె వచ్చింది. ఆమె చర్చికి పోదు. వేల్పులనే కొలుస్తుంది. చదువు లేదు. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్లు చూసి, "మేడం, ఇది తెల్లారేదాకా ఆగే జ్వరం కాదు. మా అక్క కొడుకు ఇట్లనే పోయిండు. పదండి" అంది. నేను, "ప్రార్థన చేశానమ్మా, పొద్దున్నే పోదాం" అన్నాను. ఆమె నన్ను అలా చూసి, "మీ దేవుణ్ని బండిలో కూర్చుని కూడా అడగొచ్చు కదా మేడం" అంది.

నాకు ఒక్క క్షణం కోపం వచ్చింది. వార్డెన్‌ని నేను. విశ్వాసం గురించి ఈమె నాకు చెప్పడమా? ఆ క్షణం గుర్తుకొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ కోపమే గెలిచి ఉంటే ఏమయ్యేదో!

వెళ్లాం. ఊళ్లో ట్రాక్టరు అడిగి వాగు దాటించాం. అవతల 108 వచ్చి నిలబడింది. రక్తం పరీక్ష చేస్తే పీఎఫ్ మలేరియా. మెదడుకు ఎక్కే రకం. తెల్లవారేదాకా ఆగి ఉంటే చెప్పలేం అన్నారు డాక్టరు. పిల్ల ఆరు రోజుల తర్వాత తిరిగి వచ్చింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

ఆసుపత్రి వరండాలో ఆ రాత్రంతా కూర్చుని ఆలోచించాను. నేను చేసిన ప్రార్థనకు దేవుడు జవాబు ఇవ్వలేదా? ఇచ్చాడు. వంటామెను పంపాడు. నేను జవాబు ఆకాశం నుంచి వస్తుందని చూస్తుంటే, అది వంటగదిలో నుంచి, చేతికి పసుపు మరకతో వచ్చింది. నేను వంగకపోతే ఆ జవాబు నాకు అందేది కాదు. ఆ రోజు నుంచి వినయం, విశ్వాసం రెండు వేరు వేరు పాఠాలు కావని నాకు అర్థమయింది. గర్వం ఉన్నచోట విశ్వాసం మొండితనం అవుతుంది.

మన పల్లెల్లో ఇప్పటికీ "మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టే" అని చెప్పేవాళ్లు ఉన్నారు. చర్చిలోనూ ఉన్నారు, మంత్రాలు వేసేవాళ్లలోనూ ఉన్నారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ మాట నమ్మకండి. సువార్త రాసిన లూకాను పౌలు వైద్యుడు అనే పిలిచాడు. మంచి సమరయుడు దెబ్బలు తగిలినవాడికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, సత్రానికి తీసుకుపోయి డబ్బు కూడా కట్టాడు. క్రియలు లేని విశ్వాసం చచ్చినదని యాకోబు రాశాడు. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించండి. ప్రార్థన మానకండి. రెండూ చెయ్యండి.

మరి విశ్వాసం తక్కువగా ఉంటే? మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఒక తండ్రి ఉన్నాడు. కొడుకు చిన్నప్పటి నుంచి పడిపోతుంటాడు, నిప్పులో, నీళ్లలో. శిష్యుల వల్ల కాలేదు. ఆ తండ్రి యేసుతో, నమ్ముతున్నాను, కానీ నా అపనమ్మకంలో నాకు సాయం చెయ్యి అన్నట్టు మొరపెట్టుకున్నాడు. నాకు బైబిల్లో చాలా ఇష్టమైన ప్రార్థన అది. నాకు పెద్ద విశ్వాసం ఉందని ఆయన నటించలేదు. ఉన్నంత తెచ్చాడు. యేసు వెనక్కి పంపలేదు. ఆవగింజంత చాలన్నాడు కదా ప్రభువు. ఆవగింజను మన ఇళ్లలో పోపులో వేస్తాం, ఎంత ఉంటుందో మీకు తెలుసు. పోటీ పరీక్షలో ఫెయిలైన రోజు, నాన్న తాగి వచ్చిన రోజు, దేవుడు ఉన్నాడా అని అనుమానం వచ్చిన రోజు, ఆ అనుమానాన్నే తీసుకుపోయి ఆయన ముందు పెట్టండి. అది పాపం కాదు, ప్రార్థనే.

చివరిగా ఒక సంగతి. ఇది ఈ సభలో చెప్పాలా వద్దా అని రాత్రంతా అనుకున్నాను. మన ఊళ్లలో ఇప్పుడు పండుగ వచ్చిందంటే ఇళ్లలో గొడవలు అవుతున్నాయి కాబట్టి చెబుతాను.

నేను బీఈడీ పూర్తి చేసి ఇంటికి వచ్చిన ఏడాది. టౌనులో ప్రార్థన కూటాలకు పోయి మంచి ఉత్సాహంలో ఉన్నాను. మా ఇంట్లో అమ్మానాన్న చర్చికి వస్తారు, నానమ్మ రాదు. కొత్తల పండుగ రోజు. మీకు తెలుసు, వేల్పులకు పెట్టే దాకా మన పెద్దవాళ్లు కొత్త ధాన్యం నోట పెట్టరు. నానమ్మ అడ్డాకు విస్తరిలో కొత్త బియ్యం అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టుకుని నాకు తెచ్చింది. చుట్టాలంతా ఉన్నారు. నేను ఆ విస్తరి చేత్తో తోసేసి, "దయ్యాలకు పెట్టింది నేను తినను" అన్నాను.

నానమ్మ ఏమీ అనలేదు. ఆకు తీసుకుని లోపలికి పోయింది. సాక్ష్యం కాపాడుకున్నానని నేను సంతోషపడ్డాను. తర్వాత ఆదివారం చర్చిలో లేచి చెప్పాను కూడా.

ఎనిమిదేళ్లు గడిచాయి. హాస్టల్లో ఆ డబ్బుల సంగతి, ఆ జ్వరం సంగతి జరిగాక ఒకరోజు మొదటి కొరింథీయుల పత్రిక ఎనిమిదో అధ్యాయం చదువుతున్నాను. విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించే ఆ అధ్యాయం. ఆ సంగతి మొదలు పెట్టగానే పౌలు తిండి గురించి కాదు, గర్వం గురించి మాట్లాడతాడు. తెలివి మనిషిని ఉబ్బిస్తుంది, ప్రేమ కట్టి నిలబెడుతుంది అన్నది ఆయన మొదటి మాట. నాకు ఆ విస్తరి గుర్తొచ్చింది. తినకపోవడం నా మనస్సాక్షి. తోసెయ్యడం నా గర్వం. రెండూ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్లు.

ఆ ఏడాది కొత్తల పండుగకు ఊరికి పోయాను. నానమ్మ అప్పటికి సరిగా నడవలేదు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "ఆ రోజు అందరి ముందు నీ చేతి అన్నం తోసేశాను. తప్పయింది" అన్నాను. నానమ్మ, "ఆకలైతుందా? ముందు తిను" అంది. మూలన ఉన్న చిన్న కుండ చూపించి మా అమ్మను పెట్టమంది. "అది పోయిన ఏడాది బియ్యం. వేల్పులకు పెట్టింది కాదు. నీకు" అంది.

అప్పుడు మా అమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి ప్రతి కొత్తల పండుగకూ నానమ్మ పాత బియ్యం ఒక గిన్నెడు పక్కకు పెట్టించి విడిగా వండిస్తోందట. నేను వస్తే తినడానికి. నేను రాని ఏళ్లలో కూడా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా దగ్గర బైబిలు ఉంది. ఆమె దగ్గర లేదు. కానీ నా మనస్సాక్షి నొచ్చుకోకుండా ఆమె ఎనిమిదేళ్లు కాపాడింది. ఆమె మనసు నొచ్చుకోకుండా నేను ఒక్క నిమిషం కాపాడలేదు. ఆ అన్నం తింటూ నేను ఏడ్చాను. ఆమె వేల్పులను నేను కొలవలేదు, ఇప్పటికీ కొలవను. నా విశ్వాసం యేసు మీదే. కానీ ఆ రోజు యేసు చెప్పిన ప్రేమను నాకు వడ్డించింది మా నానమ్మ. తర్వాతి ఎండాకాలంలో ఆమె పోయింది. క్షమాపణ అడిగే సమయం దేవుడు నాకు ఇచ్చినందుకు స్తోత్రం. అందరికీ ఆ సమయం దొరకదు.

అందుకని చర్చి పిల్లలకు చెబుతున్నా. పండుగ రోజు పూజలో కూర్చోవడం మీ మనస్సాక్షికి ఇష్టం లేకపోతే కూర్చోకండి. కానీ ఇల్లు వదిలి పారిపోకండి. నీళ్లు మొయ్యండి, కట్టెలు కొట్టండి, ముసలివాళ్ల పక్కన కూర్చుని వాళ్ల పాటలు, వాళ్ల కథలు వినండి. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞలో, వాళ్లు చర్చికి వస్తేనే అని ఎక్కడా లేదు. వేల్పులను కొలిచే పిల్లలకూ చెబుతున్నా. చర్చికి పోయే పిల్లలను "మీరు కోయలే కాదు" అనకండి. ఆ మాట మా గుండెల్లో గుచ్చుకుంటుంది. మాకూ అదే తాత, అదే గోదావరి, అదే ఇప్పచెట్టు.

ఇక, రేపటి నుంచి ఏం చెయ్యాలి మేడం అని అడుగుతారు. టీచర్ని కదా, హోంవర్క్ ఇవ్వకుండా ఎలా పోతాను.

ఒకటి. మార్కు సువార్తలో పదహారు అధ్యాయాలే ఉన్నాయి. రోజుకు ఒకటి చొప్పున చదవండి. చదివాక ఫోనులో స్టేటస్ పెట్టకండి. ఆ రోజు చెయ్యాల్సిన పని ఒకటి అందులో వెతుక్కోండి.

రెండు. రోజుకు ఒక పని ఎవరూ చూడకుండా చెయ్యండి. హాస్టల్లో అయితే బాత్రూం కడగడం, ఇంట్లో అయితే అమ్మ కంటే ముందు లేచి నీళ్లు తేవడం. ఎవరికీ చెప్పకండి. కుడి చెయ్యి చేసింది ఎడమ చేతికి తెలియకూడదన్నాడు కదా ప్రభువు.

మూడు. తప్పు చేస్తే ఆ రోజే ఒప్పుకోండి. అందరి ముందు అన్న మాటకు అందరి ముందే క్షమాపణ. నాకు ఆ చిన్న పిల్ల నేర్పిన పాఠం అది.

నాలుగు. మీకంటే తక్కువ చదువుకున్న ఒక మనిషి దగ్గర వారానికి ఒక్కటైనా నేర్చుకోండి. ఒక చెట్టు పేరు, ఒక కోయ మాట, ఒక పాట.

ఐదు. అనుమానం వచ్చినా ప్రార్థన మానకండి. రెండు మాటలైనా చాలు.

ఇలా చేస్తే ఏడాదికి ఎంత పెరుగుతాం అని కొలవకండి. ఇప్పచెట్టు నాటిన ఏడాదే పూయదు. ఏళ్లు పడుతుంది. పెరిగేటప్పుడు దానికి చప్పుడు ఉండదు. ఒక ఎండాకాలం తెల్లవారుజామున కింద చూస్తే నేలంతా పువ్వు ఉంటుంది. ఏరుకునేవాళ్లు వేరే ఎవరో అవుతారు. మన విశ్వాసం వల్ల ఇంకొకరి ఆకలి తీరితే, అదే ఎదుగుదల.

పదిహేను నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. నేను చెప్పినదానిలో తప్పుంటే పెద్దలు సరిదిద్దండి, మంచి ఉంటే దేవునికే మహిమ. ఇంటికి పోయాక ఈ రాత్రి ఎవరికైనా క్షమాపణ బాకీ ఉంటే, అన్నం తినే ముందు తీర్చెయ్యండి.